శాస్త్రవేత్త పుస్తకాన్ని పత్రికల్లోకి ఎలా తీసుకెళ్లాలి?

పేరున్న శాస్త్రవేత్త ఒకరు పుస్తకం రాశారు. దాని గురించి పత్రికల్లో రావాలి. ఆ పని మీ మీద పడింది. ఇంగ్లిష్ ప్రచురణ రంగంలో అయితే లిటరరీ ఏజెంటో, ప్రచురణ సంస్థలోని పబ్లిసిటీ విభాగమో దీన్ని చూసుకుంటుంది. తెలుగులో ఏజెంట్లు దాదాపు లేరు కాబట్టి ప్రచురణకర్తో, శిష్యుడో, కూతురో, పాత సహోద్యోగో ఆ బాధ్యత తీసుకుంటారు. ఎవరు చేసినా పద్ధతి ఒకటే. పుస్తకం వచ్చిందన్న ఒక్క కారణంతో ఏ పత్రికా చోటివ్వదు. అందులో తమ పాఠకుడికి పట్టే సంగతి ఉంటే ఇస్తుంది. రచయిత ఎంత పెద్దవారైనా ఇంతే. ఆ సంగతిని పట్టుకోవడం సగం పని. అది అచ్చులో వంకర పోకుండా చూసుకోవడం మిగతా సగం. ఆయన యాభై ఏళ్లలో సంపాదించుకున్న నమ్మకం ఒక్క తప్పు హెడ్డింగ్‌తో దెబ్బతింటుంది కాబట్టి రెండో సగాన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

ఒక ఉదాహరణ పెట్టుకుని నడుద్దాం. దక్కన్ ప్రాంతపు భూకంపాల మీద జీవితమంతా పనిచేసిన ఒక భూభౌతిక శాస్త్రవేత్త తెలుగులో 240 పేజీల పుస్తకం రాశారనుకోండి. విడుదలకు కనీసం మూడు నెలల ముందు పని మొదలుపెట్టండి.

1. ముందు అనుమతుల సంగతి తేల్చుకోండి

ఇది చివర్లో గుర్తొస్తే ప్రచారమంతా ఆగిపోతుంది. రచయిత ఇంకా కేంద్ర ప్రభుత్వ సర్వీసులో ఉంటే 1964 నాటి ప్రవర్తనా నియమావళి వర్తిస్తుంది. సీఎస్‌ఐఆర్ (శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి) ప్రయోగశాలల్లోనూ దాదాపు అవే నియమాలు నడుస్తాయి. శాస్త్ర విషయాలు రాయడానికి వాటిలో వెసులుబాటు ఉంది. ప్రభుత్వ విధానాన్ని బహిరంగంగా విమర్శించడానికి మాత్రం లేదు. పుస్తకంలో ఎక్కడా లేని విమర్శ ఇంటర్వ్యూలో నోరు జారి వస్తుంది, చిక్కంతా అక్కడే. సంస్థ పేరు, లోగో, అక్కడ తీసిన ఫొటోలు వాడుతుంటే వాటికి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి.

రక్షణ రంగం వారి విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. సమాచార హక్కు చట్టం రెండో షెడ్యూలులో ఉన్న భద్రతా సంస్థల్లో పనిచేసి రిటైరైనవారు, ఆ సంస్థ పనికి సంబంధించిన విషయాలు ప్రచురించాలంటే ముందస్తు అనుమతి ఉండాలని 2021లో పింఛను నిబంధనలను సవరించారు. ఆ షెడ్యూలులో రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవో కూడా ఉంది. క్షిపణి శాస్త్రవేత్త జ్ఞాపకాలకు ప్రచారం చేయబోతుంటే అనుమతి కాగితం కళ్లతో చూశాకే మొదటి ఫోన్ చేయండి.

ఇంకో ప్రశ్న కూడా రచయితను అడగాలి: ఈ పుస్తకంలో ఇంకా ఏ జర్నల్లోనూ రాని ఫలితాలున్నాయా? నేచర్, సైన్స్ లాంటి జర్నళ్లు తమ దగ్గరున్న పత్రం అచ్చయ్యేదాకా అందులోని ఫలితాలకు పత్రికల్లో ప్రచారం చేయొద్దంటాయి. అలాంటి అధ్యాయం ఉంటే ప్రెస్ నోట్‌లో దాని జోలికి పోకండి.

2. పుస్తకంలోంచి మూడు సంగతులు తీయండి

పుస్తకం మొత్తం మీరు చదవాలి. వెనక అట్ట మీది నాలుగు వాక్యాలతో ఈ పని జరగదు. పెన్సిల్ పట్టుకుని, పాఠకుడు ఇంట్లో పక్కవారికి చదివి వినిపించేలాంటి చోటల్లా గీత పెట్టుకుంటూ వెళ్లండి. ఇరవై ముప్పై గీతలు పడతాయి. వాటిలోంచి మూడు ఎంచండి. మన భూకంపాల పుస్తకంలో ఇలా తేలుతాయి:

గట్టి రాతి నేల కాబట్టి దక్కన్‌కు భూకంపాల బెడద లేదని చాలామంది నమ్మేవారు. 1993 సెప్టెంబర్ 30 తెల్లవారుజామున మహారాష్ట్రలోని కిల్లారిలో దాదాపు 10 వేల మంది చనిపోయాక ఆ నమ్మకం పోయింది. రెండోది గోదావరి లోయ. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో, 2024 డిసెంబర్ 4న ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూమి కంపించింది. మూడోది హైదరాబాద్‌లో 2020 అక్టోబర్‌లో బోరబండ వైపు వినిపించిన శబ్దాలు, చిన్న చిన్న ప్రకంపనలు. జనం రాత్రిపూట రోడ్ల మీదికి వచ్చారు. భూమి లోపల ఏం జరిగితే అలా వినిపిస్తుంది?

చూడండి, ఈ మూడింటికీ మూడు వేర్వేరు పాఠక వర్గాలున్నాయి. ఖమ్మం, వరంగల్ జిల్లా పేజీలకు రెండోది, హైదరాబాద్ సిటీ పేజీలకు మూడోది, ఎడిట్ పేజీకి (సంపాదకీయం వచ్చే పేజీకి) మొదటిది. ఒకే ప్రెస్ నోట్ అందరికీ కొట్టేస్తే ఎవరికీ పట్టదు. మొదటి పేరా మాత్రం మార్చి మూడు నోట్లు తయారు చేస్తే పని అవుతుంది.

ఎంచుకున్న మూడింటినీ రచయితకు చూపించండి. ‘ఇది నేను ఇంత గట్టిగా చెప్పలేదు’ అని ఆయన అంటే వాదించకండి, వాక్యాన్ని తగ్గించండి.

3. తేదీ

పత్రికకు ‘ఇప్పుడే ఎందుకు’ అన్నదానికి జవాబు కావాలి. సైన్స్ పుస్తకాలకు కొన్ని తేదీలు కలిసొస్తాయి: ఫిబ్రవరి 28 జాతీయ సైన్స్ దినోత్సవం, మే 11 టెక్నాలజీ దినోత్సవం, ఆగస్టు 23 అంతరిక్ష దినోత్సవం, అక్టోబర్ మొదట్లో నోబెల్ ప్రకటనల వారం, డిసెంబర్ 22 రామానుజన్ జయంతి. ఇవి అందరికీ తెలిసినవే కాబట్టి ఆ రోజుల్లో రద్దీ కూడా ఎక్కువ. మీ పుస్తకానికే ప్రత్యేకమైన తేదీ ఉంటే అదే మేలు. మన ఉదాహరణకు సెప్టెంబర్ 30 గానీ డిసెంబర్ 4 గానీ ఫిబ్రవరి 28 కంటే బాగా పనికొస్తాయి. హైదరాబాద్ పుస్తక ప్రదర్శన మామూలుగా డిసెంబర్‌లో, విజయవాడది జనవరి మొదట్లో జరుగుతాయి. డిసెంబర్ 4కు వార్త వచ్చిందంటే ఆ రెంటికీ పుస్తకం వేడిగా ఉంటుంది.

తప్పించుకోవాల్సినవి: బడ్జెట్ రోజు, ఎన్నికల ఫలితాల వారం, పెద్ద క్రికెట్ ఫైనల్. సంక్రాంతి, దసరా, దీపావళి లాంటి పండగలకు పత్రికాఫీసులకు సెలవు, మర్నాడు పేపరు రాదు. పండగ రోజు సభ పెట్టుకుంటే వార్త గల్లంతే.

4. పంపాల్సిన సరంజామా

ప్రెస్ నోట్ ఒక్క పేజీ, 250 నుంచి 300 మాటలు. నోట్ అచ్చుకు వెళ్లాలో చెత్తబుట్టకు పోవాలో మొదటి వాక్యమే తేలుస్తుంది. మామూలుగా మనవాళ్లు ఇలా రాస్తారు:

‘ప్రముఖ శాస్త్రవేత్త, అనేక పురస్కారాల గ్రహీత రచించిన గ్రంథం త్వరలో వెలువడనున్నదని తెలియజేయుటకు సంతోషిస్తున్నాము.’

ఇందులో వార్త లేదు. డెస్క్‌లో ఉన్న సబ్ ఎడిటర్ దీన్ని పక్కన పెడతారు, లేదా ‘నేడు నగరంలో’ శీర్షిక కింద రెండు లైన్లు వేస్తారు. అదే ఇలా మొదలుపెట్టి చూడండి:

‘2024 డిసెంబర్‌లో ములుగులో వచ్చిన భూకంపానికి 55 ఏళ్ల ముందు, అదే గోదావరి లోయలో భద్రాచలం కంపించింది. ఈ లోయలోనే ఎందుకిలా జరుగుతోంది, ఇక్కడ ఇల్లు కట్టుకునేవారు ఏం చూసుకోవాలి అన్నది ఈ పుస్తకంలో వివరంగా ఉంది.’

రెండో పేరాలో రచయిత ఎవరు, ఈ విషయం మీద ఆయన చేసిన పని ఏమిటి. మూడో పేరాలో ఆయన మాటల్లోనే రెండు వాక్యాలు. వాటిని మీరు కల్పించి ఆయన చేత ఒప్పించకండి, ఆయనతో మాట్లాడి రాసుకోండి. చివర్లో పుస్తకం పేరు, పేజీలు, వెల, ప్రచురణకర్త, ‘ప్రతులకు’ అన్న లైను, ఫోన్ నంబర్. ఆ నంబర్‌కు ఫోన్ చేస్తే ఎత్తే మనిషి ఉండాలి.

నోట్‌ను యూనికోడ్‌లోనే పంపండి. పుస్తకం యూనికోడ్ కాని ‘అను’ ఫాంట్లలో కంపోజ్ అయి ఉంటే ఆ పీడీఎఫ్‌లోంచి ముక్క కాపీ చేసినప్పుడు పిచ్చి గీతలు వస్తాయి. డెస్క్‌లో ఎవరూ కూర్చుని మళ్లీ టైప్ చేయరు. కన్వర్టర్‌తో మార్చారా, అయితే అక్షరం అక్షరం చదవాలి. వత్తులు జారతాయి, అంకెలు, పాయింట్లు మారిపోతాయి. 5.7 కాస్తా 57 అయితే పరువు పోయేది శాస్త్రవేత్తది.

అంకెల దగ్గర ఇంకో పెద్ద గుంట ఉంది. ఇంగ్లిష్ బిలియన్లను తెలుగులో వేసేటప్పుడు సున్నాలు తప్పుతాయి. 1 బిలియన్ అంటే 100 కోట్లు, ట్రిలియన్ అంటే లక్ష కోట్లు. విశ్వం వయసు 13.8 బిలియన్ ఏళ్లంటే 1,380 కోట్ల ఏళ్లు, 138 కోట్లు కాదు. ఈ మార్పిడి డెస్క్‌కు వదలకండి, కోట్లలోనే రాసి ఇవ్వండి. భూకంపాల పుస్తకమైతే తీవ్రత ఒక్క అంకె పెరిగితే విడుదలయ్యే శక్తి సుమారు 32 రెట్లు పెరుగుతుందన్న వాక్యం తప్పనిసరిగా చేర్చండి. లేదంటే 6 తీవ్రతను 5 కంటే ‘కొంచెం ఎక్కువ’ అని రాసేస్తారు. ఇలాంటివన్నీ కలిపి అర పేజీ ‘అంకెలు, పేర్లు’ కాగితం విడిగా జత చేయండి. పారిభాషిక పదాల తెలుగు రూపం, విదేశీ పేర్ల ఉచ్చారణ అందులోనే ఉండాలి. విలేకరులు దీన్ని దాచుకుంటారు, తర్వాత కూడా వాడతారు.

రచయిత పరిచయం 80 మాటల్లో ఒకటి, 200 మాటల్లో ఒకటి. సైన్స్ అకాడమీల ఫెలో అని చెప్పే ఎఫ్‌ఎన్‌ఏ, ఎఫ్‌ఏఎస్‌సీ లాంటి పొట్టి అక్షరాలు పాఠకుడికి తెలియవు, విడమరచి చెప్పండి లేదా వదిలేయండి. పద్మ పురస్కారాన్ని పేరు ముందు తగిలించొద్దు. ‘పద్మభూషణ్ డాక్టర్ ఫలానా’ అని ఆహ్వాన పత్రాల మీద, అట్టల మీద వేయడం మనకు అలవాటైపోయింది గానీ, అవి బిరుదులు కావు, పేరుకు ముందూ వెనకా వాడకూడదు. 1995లో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. ‘ఫలానా ఏడాది పద్మభూషణ్ అందుకున్నారు’ అని పరిచయంలో రాయండి.

ఫొటోలు మూడు చాలు: ముఖం స్పష్టంగా ఉన్నది ఒకటి, పని చేసే చోట తీసింది ఒకటి, ముఖచిత్రం ఒకటి. శాలువా కప్పుకున్న ఫొటో వద్దు. సీస్మోగ్రాఫ్ (భూకంపాలను నమోదు చేసే యంత్రం) పక్కన నిలబడి ఉన్న ఫొటో అయితే ఫీచర్ పేజీకి చోటు పెరుగుతుంది. వాట్సాప్‌లో మామూలుగా పంపితే సైజు పడిపోయి అచ్చులో మసకబారుతుంది, డాక్యుమెంట్‌గా పంపండి లేదా మెయిల్ చేయండి. ఎవరు తీశారో పేరు కూడా ఇవ్వండి.

5. ఎవరికి, ఎప్పుడు

సమీక్షకు చాలా తెలుగు పత్రికలు రెండు ప్రతులు అడుగుతాయి. ఒకటి సమీక్షకుడికి, ఒకటి ఆఫీసుకు. ఆరు నుంచి ఎనిమిది వారాల ముందు చేరాలి. లోపల ఒక చీటీ పెట్టి, ఏ అధ్యాయం ముందు చదవాలో పేజీ నంబరుతో రాయండి. 240 పేజీలూ చదివే తీరిక ఎక్కువమందికి ఉండదు.

ముందుగా పంపడంలో మరో లాభం ఉంది. 1988లో స్టీఫెన్ హాకింగ్ ‘ఎ బ్రీఫ్ హిస్టరీ ఆఫ్ టైమ్’ విడుదలకు ముందు, నేచర్ పత్రికకు సమీక్ష రాయడానికి ప్రతి అందుకున్న ఆయన పాత విద్యార్థి డాన్ పేజ్, అందులో బొమ్మలు, ఫొటోలు తారుమారయ్యాయని పట్టుకున్నారు. ప్రచురణ సంస్థ బాంటమ్ ఆ ముద్రణ మొత్తాన్ని వెనక్కి తీసుకుని మూడు వారాల్లో సరిచేసి మళ్లీ వేసింది. ఆ రంగం తెలిసిన ఇద్దరు ముందే చదివి ఉంటే ఇలాంటివి బజారుకెక్కకముందే దొరుకుతాయి.

‘వివిధ’ లాంటి సాహిత్య పేజీలకే అందరూ ముందు పరిగెత్తుతారు. అక్కడ కథలకు, కవిత్వానికే చోటు చాలదు, సైన్స్ పుస్తకం క్యూలో నెలలు పడి ఉంటుంది. పంపండి, తప్పులేదు, కానీ దాని మీదే ఆశ పెట్టుకోవద్దు. ఎడిట్ పేజీ వ్యాసం, ఆదివారం సంచిక, జిల్లా పేజీలు, చదువుల పేజీ, ఈ నాలుగూ సైన్స్‌కు ఎక్కువ చోటిస్తాయి. ఎడిట్ పేజీకి రచయిత చేత 700 నుంచి 900 మాటల వ్యాసం రాయించండి. పుస్తకంలోంచి ముక్క కత్తిరించి పంపితే మొదలూ చివరా లేకుండా ఉంటుంది. కింద ‘ఫలానా పుస్తక రచయిత’ అన్న ఒక్క లైను చాలు.

ఒకే వ్యాసాన్ని ఒకేసారి రెండు పత్రికలకు పంపడం మాత్రం ఎప్పుడూ చేయొద్దు. రెండింట్లోనూ ఒకే రోజు వస్తే ఇద్దరు ఎడిటర్లూ మిమ్మల్ని మళ్లీ నమ్మరు. ఒకరికి పంపి, వారం గడువు చెప్పండి, జవాబు లేకపోతే ‘వేరేచోటికి పంపుతున్నాం’ అని ఒక మెసేజ్ పెట్టి అప్పుడు కదలండి. పెద్ద ఇంటర్వ్యూ కూడా ముందుగా ఒక్క పత్రికకే ఇవ్వండి, తక్కినవారికి వేరే కోణం చూపించండి.

ఆదివారం సంచిక పేజీలు కనీసం వారం పది రోజుల ముందే సిద్ధమైపోతాయి, కాబట్టి నెల ముందే మాట్లాడాలి. ఫోన్ చేయడానికి ఫీచర్స్ వారికి మధ్యాహ్నం వేళ నయం. సాయంత్రం ఆరు దాటాక న్యూస్ డెస్క్‌కు ఫోన్ చేసి ‘మా నోట్ చూశారా’ అంటే విసుగు తప్ప ఫలితం ఉండదు. ఒకసారి ఫోన్ చేయండి, నాలుగు రోజుల తర్వాత ఒక్కసారి గుర్తుచేయండి, అక్కడితో ఆపండి.

ఆకాశవాణిని మరిచిపోకండి. హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం, కడప కేంద్రాల్లో పరిచయ కార్యక్రమాలకు పెద్ద వయసు శాస్త్రవేత్తలు బాగా నప్పుతారు, నిదానంగా మాట్లాడే వీలుంటుంది. టీవీ చర్చలు వేరు. గ్రహణం రోజు జ్యోతిష్కుడి ఎదురుగా కూర్చోబెట్టే కార్యక్రమానికి పిలిస్తే మర్యాదగా వద్దనండి. పుస్తకం పేరు కూడా అక్కడ వినపడదు.

యాడ్ ఇస్తే వార్త వేస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. డబ్బిచ్చి వేయించిన పొగడ్త శాస్త్రవేత్త పేరు పక్కన అసలే ఉండకూడదు. ప్రకటన వేయదలిస్తే ప్రకటన అని కనిపించేలా వేయండి.

6. ఆవిష్కరణ సభ

మన పత్రికల్లో సభ వార్త ఎలా వస్తుందో మీకు తెలుసు: వేదిక మీద ఎవరెవరున్నారో పది పేర్లు, ‘పుస్తకం అందరూ చదవాలన్నారు’ అన్న ఒక వాక్యం. దీనికి కారణం చాలావరకు మనమిచ్చే నోటే. పేర్లు పైన పెడతాం, విషయం కింద పెడతాం, డెస్క్ కింది నుంచి కత్తిరిస్తుంది. సభ నోట్‌లో రచయిత చెప్పిన ఒక కొత్త సంగతి మొదట, అతిథుల పేర్లు ఆఖరి పేరాలో రాయండి.

మంత్రిని పిలిస్తే కెమెరాలు వస్తాయి, నిజమే. మైకులన్నీ ఆయన ముందుకే వెళ్తాయి, ఆ రోజు రాజకీయమే అడుగుతారు, హెడ్డింగ్ దానిదే అవుతుంది. అదే రంగంలో పనిచేసే మరో శాస్త్రవేత్తను, పుస్తకం చదివి వచ్చిన ఒక సైన్స్ టీచర్‌ను పిలవండి. వేదిక మీద నలుగురు దాటొద్దు. రచయిత మొదటి గంటలోనే 15 నిమిషాలు మాట్లాడాలి, ఎందుకంటే విలేకరులు చివరిదాకా ఉండరు. జిల్లాల ఎడిషన్లు ముందే అచ్చుకు వెళ్తాయి కాబట్టి ఉదయం 11 గంటల సభకు ఉన్న అవకాశం రాత్రి 7 గంటల సభకు ఉండదు. సాయంత్రమే తప్పదనుకుంటే నోట్‌ను, ఫొటోను సభ మొదలైన అరగంటలో పంపేయండి.

7. ఇంటర్వ్యూకు ముందు

రచయితతో ఒక గంట కూర్చుని తప్పకుండా వచ్చే ప్రశ్నలు వేసి చూడండి. భూకంపాలైతే మొదటి ప్రశ్న ఖాయం: ‘హైదరాబాద్‌కు పెద్ద భూకంపం వస్తుందా, ఎప్పుడు?’ ఫలానా రోజు వస్తుందని ముందే చెప్పే పద్ధతి ఇప్పటిదాకా ఏ దేశంలోనూ లేదు. ఆ మాట మొదటి వాక్యంలోనే రావాలి. శాస్త్రవేత్తలు అలవాటుగా ‘అవకాశాన్ని పూర్తిగా కొట్టిపారేయలేం’ అంటారు. ప్రయోగశాలలో అది జాగ్రత్త గల మాట, పేపర్లో అది ‘హైదరాబాద్‌కు భూకంప ముప్పు’ అన్న హెడ్డింగ్. ‘ఎప్పుడన్నది చెప్పలేం, ఇల్లు ఎలా కట్టుకోవాలో చెప్పగలం’ అన్న వాక్యాన్ని ఆయన నోటికి వచ్చేలా చేయండి. అబద్ధం లేదు, భయం లేదు, పుస్తకానికి దారి ఉంది.

మాట్లాడనివి ఏవో కూడా ముందే తేల్చుకోండి: పాత డైరెక్టర్లతో తగాదాలు, దేవుడు, పార్టీలు. అడిగితే ‘ఈ పుస్తకంలో దాని గురించి లేదు’ అంటే చాలు. రాసిన కాపీ అచ్చుకు ముందు చూపించమని విలేకరిని అడగొద్దు, అది వారి పనిలో తల దూర్చడమే. ‘అంకెలు, పేర్లు ఒకసారి సరిచూసి పెడతాం, పది నిమిషాల్లో చెబుతాం’ అంటే చాలామంది ఒప్పుకుంటారు. అన్నట్టే పది నిమిషాల్లో చెప్పండి.

8. తప్పు అచ్చయితే

పొద్దున్నే పేపరు, వెబ్‌సైటు రెండూ చూడండి. చిన్న అచ్చుతప్పు అయితే వదిలేయండి. అర్థం మారితే ముందు వెబ్‌సైటు డెస్క్‌కు, రాసిన విలేకరికి మెసేజ్ పెట్టండి: ‘రెండో పేరాలో ఇలా ఉంది, ఇలా ఉండాలి, పుస్తకం 112వ పేజీలో ఆధారం ఉంది.’ కోపం వద్దు. వెబ్‌లో త్వరగా మారుస్తారు, తర్వాత వెతికేవారికి కనిపించేదీ అదే. అచ్చులో సవరణ కోసం ఎడిటర్‌కు ఐదు వాక్యాల మెయిల్ రచయిత పేరు మీద వెళ్లాలి. ఆ వార్తను సోషల్ మీడియాలో మీరే పంచుకుని, కింద తప్పులు ఏకరువు పెట్టడం వల్ల తప్పే ఎక్కువమందికి చేరుతుంది.

9. అచ్చయ్యాక

మంచి సమీక్ష వచ్చింది, పాఠకుడు దుకాణానికి వెళ్లాడు, పుస్తకం లేదు. ఎక్కువ పుస్తకాలు నష్టపోయేది ఇక్కడే. ఆ పాఠకుడు మళ్లీ రాడు. మొదటి వార్త రావడానికి వారం ముందే కాచిగూడ నవోదయ, విశాలాంధ్ర, నవచేతన దుకాణాల్లో, ఆన్‌లైన్‌లో ప్రతులు ఉండేలా చూడండి. జిల్లా పేజీలో వార్త రాబోతుంటే ఆ జిల్లా కేంద్రంలోని ఒక దుకాణంలో పది కాపీలైనా పెట్టి, ఆ దుకాణం పేరు నోట్‌లో ఇవ్వండి.

ఈ-పేపర్ లింకులు కొన్నాళ్లకు తెరుచుకోవు. వార్త వచ్చిన రోజే క్లిప్పింగ్ దించుకుని తేదీ, ఎడిషన్, పేజీ నంబరు రాసి భద్రపరచండి. లైబ్రరీలకు, కాలేజీలకు, రెండో ముద్రణ అట్టకు అవి కావాలి.

ప్రచారం విడుదల నెలతో అయిపోదు. భూకంపాల పుస్తకానికి అసలు సందర్భం భూమి కంపించిన రోజే. ఆ రోజు పత్రికలన్నీ మాట్లాడే శాస్త్రవేత్త కోసం వెతుకుతాయి. అర పేజీ అంకెల కాగితం, ఫొటో, రచయిత ఫోన్‌లో దొరికే వేళలు ఫోల్డర్‌లో సిద్ధంగా పెట్టుకుని, గంటలోపు మీకు తెలిసిన విలేకరులకు పంపండి. జనం భయంలో ఉన్నప్పుడు పుస్తకం కొనమని అడగొద్దు. ఏం జరిగింది, ఇప్పుడు ఇళ్లలో ఏం చూసుకోవాలి అన్నదే పంపండి. రచయిత పేరు పక్కన పుస్తకం పేరు పత్రిక తనంతట తానే వేస్తుంది.